కుక్కకు పచ్చి మాంసం పెట్టాలంటే ముందు కాటా కొనండి

మా చిట్టికి మొదటిసారి కోడి మెడ పెట్టిన రోజు ఇంకా గుర్తుంది. దానికప్పుడు 3 ఏళ్లు, బరువు 20 కిలోలు. కరకరా నములుతుంటే చూసి మురిసిపోదామని ఎదురుగా కూర్చున్నాను. గుటుక్కున మింగేసింది. పది నిమిషాలకు హాలు మధ్యలో అదే మెడ, ఒక్క పంటి గాటు కూడా లేకుండా, కక్కేసింది. నేను గుడ్డ తెచ్చేలోపు మళ్లీ తినేసింది. ఈసారి నమిలింది, అది వేరే సంగతి.

పచ్చి ఆహారం అంటే మాంసం కొనుక్కొచ్చి గిన్నెలో వేయడమే అనుకున్న రోజులవి. మాంసం వేయడం తేలికే. కష్టమంతా లెక్కలోనూ శుభ్రతలోనూ ఉంది. తోడేలు వేటాడిన జంతువులో కండ ఒక్కటే తినదు. ఎముక, కార్జం, గుండె, నెత్తురు, చర్మం కూడా తింటుంది. మనం కొనే బోన్‌లెస్ అందులో ఒక వంతు మాత్రమే. మిగతావి మనమే తూచి కలపాలి. అంత ఓపిక లేదనుకుంటే మంచి ప్యాకెట్ ఫుడ్ పెట్టుకోవడమే కుక్కకు మేలు. పచ్చి ఆహారం అంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఈ మాట నచ్చదు. అయినా నేను చూసినంతలో లెక్క లేకుండా పెట్టే పచ్చి మాంసం కన్నా ప్యాకెట్ ఫుడ్ వంద రెట్లు నయం.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకుందాం. కుక్క తోడేలు కాదు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం కుక్కల జన్యువులను తోడేళ్ల జన్యువులతో పోల్చి చూసింది. పిండి పదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువుకు తోడేళ్లలో 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. మనుషుల దగ్గర బతికి బతికి మన తిండి అరిగించుకోవడం నేర్చుకున్న జీవి అది. కాబట్టి అన్నం ముద్ద పెడితే విషం పెట్టినట్టు ఎవరైనా మాట్లాడితే విని ఊరుకోండి.

మొదలుపెట్టకూడని ఇళ్లు

ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఎవరైనా ఉంటే పచ్చి మాంసం జోలికి వెళ్లకండి. కారణం సాల్మొనెల్లా, లిస్టీరియా, క్యాంపిలోబ్యాక్టర్ వంటి బ్యాక్టీరియా. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010 నుంచి 2012 దాకా పరీక్షించిన పెంపుడు జంతువుల ఆహారంలో 196 పచ్చి ఆహార నమూనాలున్నాయి. వాటిలో 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా దొరికాయి. అవి జంతువుల కోసం ప్యాక్ చేసి అమ్మిన ఆహారాలు. ఆ దేశపు పశువైద్యుల సంఘం కూడా 2012లోనే జంతువులకు పచ్చి మాంసాహారం వద్దని తన విధానంగా ప్రకటించింది.

'కుక్క కడుపులో ఆమ్లం ఎక్కువ, క్రిములన్నీ చచ్చిపోతాయి' అనే మాట మీరు తప్పకుండా వింటారు. ఆమ్లం ఉన్నమాట నిజమే. కుక్కకు చాలాసార్లు ఏమీ కాదన్నదీ నిజమే. కానీ ఏమీ కాని ఆ కుక్కే మలంలో, మూతి మీద సాల్మొనెల్లా మోసుకుంటూ తిరిగి మీ పిల్లాడి బుగ్గ నాకుతుంది. ఇక్కడ ముప్పు కుక్క కన్నా మనకే ఎక్కువ.

కుక్క వైపు నుంచి చూస్తే, ఏడాది నిండని కుక్కపిల్లలకు ఇంట్లో సొంతంగా పచ్చి ఆహారం కలపొద్దనే నేనంటాను. ముఖ్యంగా పెద్ద జాతుల పిల్లలకు. కాల్షియం తగ్గితే వాటి ఎముకలు వంగుతాయి, ఎక్కువైనా కీళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. రెండింటి మధ్య సందు చాలా ఇరుకు. ప్యాంక్రియాటైటిస్ (ప్యాంక్రియాస్ వాపు) వచ్చిన కుక్కలకు, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నవాటికి, స్టెరాయిడ్లు వాడుతున్నవాటికి కూడా వద్దు. మిగతా కుక్కల విషయంలోనూ మొదలుపెట్టే ముందు ఒకసారి రక్త పరీక్ష చేయించి, సంగతి వెట్‌కు చెప్పండి. తిట్టొచ్చు. తిట్టినా చెప్పండి, రేపు ఒంట్లో బాగాలేకపోతే ఏం తింటోందో ఆయనకు తెలిసి ఉండాలి.

రోజుకు ఎంత

ఎదిగిన కుక్కకు రోజుకు దాని బరువులో 2 నుంచి 3 శాతం అన్నది అందరూ చెప్పే లెక్క. 20 కిలోల కుక్కకు 2.5 శాతం చొప్పున 500 గ్రాములు. మధ్యస్థంగా ఉన్న కుక్కకు ఇది సరిపోతుంది. 5 కిలోల చిన్న కుక్కకు ఇదే లెక్క వాడితే మాత్రం అది చిక్కిపోతుంది. ఎందుకంటే ఒంటి బరువు 8 రెట్లు పెరిగితే శక్తి అవసరం 8 రెట్లు పెరగదు, దాదాపు 4.75 రెట్లే పెరుగుతుంది. అందుకే చిన్న కుక్కలకు శాతం 4 దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. బాగా పెద్ద కుక్కలకు 2 చాలు.

శాతం మొదటి వారానికి ఒక అంచనా మాత్రమే. తర్వాత మీ చెయ్యే చెబుతుంది. కుక్క పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా జరపండి. నొక్కకుండానే ఎముకలు తెలియాలి, కంటికి మాత్రం పొడుచుకొచ్చినట్టు కనబడకూడదు. నొక్కితేగానీ తెలియడం లేదంటే తిండి 10 శాతం తగ్గించండి. చూడగానే లెక్కపెట్టగలిగేలా ఉంటే పెంచండి. రెండు వారాలకోసారి బరువు చూసి రాసుకోండి.

కాటా గురించి శీర్షికలోనే చెప్పాను. గ్రాముల్లో చూపించే వంటింటి డిజిటల్ కాటా ఒకటి తీసుకుని దీనికోసమే పక్కన పెట్టండి. లివర్ కంటి అందాజుతో వేసేది కాదు.

గిన్నెలో ఏం పడాలి

ఎక్కువమంది పాటించే కొలత 80-10-10. 80 పాళ్లు కండ, 10 పాళ్లు ఎముక, 10 పాళ్లు లోపలి అవయవాలు. ఆ చివరి పదిలో సగం లివర్, సగం కిడ్నీ లేదా ప్లీహం. గుండెకాయ, కందనకాయ, నాలుక లోపలివే అయినా కండ కిందికే వస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక, లివర్ బదులు కందనకాయలు వేసి లెక్క సరిపోయిందనుకునేవాళ్లు చాలామంది.

ఇది ప్రతి పూటా కుదరాల్సిన లెక్క కాదు, వారం మొత్తం మీద కుదిరితే చాలు. రోజుకు 500 గ్రాములు తినే కుక్కకు వారానికి మూడున్నర కిలోలు. అందులో ఎముక 350 గ్రాములు, లివర్ 175, కిడ్నీ లేదా ప్లీహం 175, మిగిలిన 2,800 గ్రాములు కండ.

ఎముక 350 గ్రాములంటే 350 గ్రాముల కోడి మెడలు కాదు, ఇక్కడే అందరూ బోల్తా పడతారు. చర్మంతో ఉన్న కోడి మెడలో ఎముక దాదాపు 36 శాతమే, మిగతాది కండ, చర్మం. కాబట్టి 350 గ్రాముల ఎముక కావాలంటే సుమారు 970 గ్రాముల మెడలు కావాలి. వాటితో పాటే 620 గ్రాముల కండ కూడా వచ్చేస్తుంది. 2,800లో అది తీసేస్తే విడిగా కొనాల్సిన బోన్‌లెస్ 2,180 గ్రాములు. చర్మం తీసేసిన మెడలైతే ఎముక శాతం ఇంకా బాగా పెరుగుతుంది, అప్పుడు మెడలు తగ్గించాలి. రెక్కల్లో ఎముక 46 శాతం దాకా ఉంటుంది. తొడ, కాలు కలిసున్న లెగ్ పీసులో 27 శాతం దగ్గర. ఈ మూడు అంకెలు ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఎముక మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు శూన్యం. కుక్క ఆహారంలో ఫాస్ఫరస్ 1 పాలు ఉంటే కాల్షియం కనీసం 1 పాలు, వీలైతే 1.2 పాళ్లు ఉండాలి. నెలల తరబడి ఉత్త బోన్‌లెస్ పెడితే రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసుకోవడానికి ఒళ్లు తన ఎముకల్లోంచే తోడుకుంటుంది. మెడ దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేస్తాయి, దవడ మెత్తబడుతుంది, కాలి ఎముకలు చిన్న దెబ్బకే విరుగుతాయి. పైకి చూస్తే కుక్క నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది.

ఎముకలంటే భయంగా ఉంటే మానేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. గుడ్డు పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరాక మిక్సీలో మెత్తటి పొడి చేయండి. వేళ్ల మధ్య రాస్తే ఇసుకలా కాకుండా పౌడర్‌లా తగలాలి. అరకిలో బోన్‌లెస్ మాంసానికి సుమారు 3 గ్రాములు, అంటే అర టీస్పూను. ఎముక పెట్టే రోజు ఈ పొడి కలపకండి.

ఎముక పెట్టే పద్ధతి

ఉడికించిన ఎముక ఎప్పుడూ వద్దు. కూరలోది, కాల్చింది, సూపులోది ఏదీ వద్దు. వేడికి ఎముక పెళుసుబారి సూదుల్లా చీలుతుంది, పేగుకు గుచ్చుకుంటుంది. పచ్చి కోడి ఎముక వంగుతుంది, నలుగుతుంది. అలాగని పచ్చిదైతే ప్రమాదమే లేదని కాదు. గొంతుకు అడ్డుపడడం, మలబద్ధకం రెండూ పచ్చి ఎముకతోనూ వస్తాయి.

పెద్ద జంతువుల కాలి ఎముకలు, మూలుగ కోసం నిలువునా కోసినవి పెట్టకండి. అవి ఎంత బరువు మోసిన ఎముకలో అంత గట్టివి. కుక్క పై దవడలో నమలడానికి వాడే పెద్ద పన్ను పలకలా చీలిపోయేది వీటివల్లే. బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, గోరు కాస్తయినా దిగకపోతే అది పంటికి ఎక్కువే. అడ్డంగా గుండ్రంగా కోసిన మూలుగ ఎముక ఉంగరంలా కింది దవడకు ఇరుక్కుపోయి, ఆసుపత్రిలో కోసి తీయించాల్సిన సందర్భాలూ ఉంటాయి.

ఇక మింగేసే కుక్కల సంగతి. చిట్టి విషయంలో నాకు పనికొచ్చింది ఒకటే: ముక్క దాని నోటికన్నా పెద్దగా ఉండాలి, నా చెయ్యి దాన్ని వదలకూడదు. మెడకు బదులు మొత్తం లెగ్ పీసు సగం గడ్డకట్టి ఉండగానే తీసి, ఒక చివర గుడ్డతో గట్టిగా పట్టుకునేదాన్ని. ముందు లాగింది. లాగితే రాలేదు. తల పక్కకు తిప్పి వెనక పళ్ల మధ్య పెట్టుకుంది, కటుక్కుమని ఒక శబ్దం, తర్వాత ఇంకోటి. ఆ శబ్దం వచ్చాక చెయ్యి కొద్దికొద్దిగా వెనక్కి జరిపేదాన్ని. మూడు వారాలు ఇలా కూర్చున్నాను. ఇప్పుడు గిన్నెలో పెట్టినా నమిలే తింటుంది. అయినా నేను గది వదిలి వెళ్లను. తిండి లాక్కుంటే కరిచే స్వభావం ఉన్న కుక్కతో మాత్రం ఇలా చేయకండి. దానికి ఎముకతో సహా మెత్తగా రుబ్బిన కైమా పెట్టండి.

లివర్, ఆ తర్వాత మరిచిపోయేవి

లివర్ మందులాంటిది. విటమిన్ ఎ, రాగి అందులో అంత గాఢంగా ఉంటాయి. కుక్కకు ఇష్టం కదా అని రోజూ గుప్పెడు పెడుతూ పోతే నెలల మీద విటమిన్ ఎ పేరుకుని వెన్ను, మెడ బిగుసుకుపోతాయి. అసలు పెట్టకపోతే అవే తక్కువపడతాయి. మొదటి వారం నేను ఒకే పూట 150 గ్రాములు వేశాను. రాత్రి రెండింటికి లేపింది. ఆ తర్వాత బాల్కనీలో కనబడింది తారులాంటి నల్లటి విరేచనం. రోజుకు 25 గ్రాముల చొప్పున విడగొట్టాక మళ్లీ రాలేదు.

80-10-10 కుదిరింది కదా, ఇక అయిపోయిందనుకోకండి. ఆ కొలతలో జింక్, మాంగనీస్, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి తక్కువపడే అవకాశం ఎక్కువ. జింక్ తగ్గితే ముక్కు చుట్టూ, పాదాల మీద చర్మం పెచ్చులు కడుతుంది. మాంగనీస్‌కు ఆల్చిప్పల మాంసం, విటమిన్ డికి, ఒమేగా-3కి సార్డైన్ లాంటి చిన్న సముద్రపు చేపలు, వారంలో రెండు మూడు గుడ్లు. విటమిన్ ఇ, జింక్, అయోడిన్ ఎంత వేయాలో నేను చెప్పను. మీ కుక్క బరువు, వారం మెనూ రెండూ చూపించి వెటర్నరీ న్యూట్రిషనిస్ట్ దగ్గరే లెక్క వేయించుకోండి. అయోడిన్ ఎక్కువైనా థైరాయిడ్ పాడవుతుంది. పెద్ద జంతువుల గొంతు భాగం మాంసం కూడా అందుకే వద్దు. దానికి థైరాయిడ్ గ్రంథి అంటుకుని వస్తే ఆ హార్మోనే తిన్నట్టవుతుంది. అలా తిన్న కుక్కలు దాహంతో, గుండె దడతో, బరువు తగ్గి ఆసుపత్రులకు వచ్చిన సంగతి పశువైద్యంలో నమోదై ఉంది.

కూరగాయలు పెట్టాలా వద్దా అని పెద్ద వాదాలే నడుస్తాయి. నేను ఆవిరికి ఉడికించిన గుమ్మడి రెండు చెంచాలు వేస్తాను, మలం సాఫీగా వస్తుంది. అంతకు మించి ఈ వాదంలో దిగను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) కలిసినవి మాత్రం ఏ రూపంలోనూ వద్దు.

ఏ మాంసం, ఎలా తేవాలి

మనుషులు తినడానికి అమ్మే తాజా మాంసమే కొనండి. 'కుక్కల కోసం' అని విడిగా పక్కన పడేసిన ముక్కలు చవగ్గా వస్తాయి. అవి ఎప్పటివో, ఏ జంతువువో అడిగినా సరైన జవాబు రాదు. ఒకసారి అలాగే తెచ్చిన పొట్లం విప్పగానే వాసనకు కళ్లు మండాయి. ఆ డబ్బు అక్కడితో పోయిందనుకుని పారేశాను.

డీప్ ఫ్రీజర్ దేన్ని చంపుతుంది, దేన్ని చంపదు అన్నది బాగా తెలుసుకోవాలి. మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులుంటే చేపల్లోని పురుగులు చాలావరకు చస్తాయి. ఇంటి ఫ్రీజర్లు మైనస్ 18 దగ్గర ఉంటాయి కాబట్టి నేను మాంసమంతా మూడు వారాలు ఉంచుతాను. సాల్మొనెల్లా మాత్రం గడ్డకట్టినా చావదు, నిద్రపోతుందంతే. కరిగాక లేస్తుంది.

పంది మాంసం పచ్చిది పెట్టకండి. పురుగుల సంగతి ఫ్రీజర్ చూసుకున్నా, ఆజెస్కీ వ్యాధి తెచ్చే వైరస్ ఒకటుంది. పంది తట్టుకుంటుంది, కుక్కకు సోకితే దాదాపు ఖాయంగా ప్రాణం తీస్తుంది. దాన్ని ఫ్రీజర్ ఆపదు, ఉడికిస్తేనే పోతుంది.

గొర్రె, మేక లివర్, ఊపిరితిత్తుల విషయంలో నేను రాజీపడను. వాటిలో నీటి తిత్తులుంటే, అవి తిన్న కుక్క పేగుల్లో ఎకినోకాకస్ అనే చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్కకు ఏమీ తెలియదు. దాని మలంలో వచ్చే గుడ్లు మన కడుపులోకి వెళ్తే మన కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో ఏళ్ల తరబడి తిత్తులు పెరుగుతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. అందుకే ఆ రెండూ అరగంట మరిగించే పెడతాను. 'పచ్చి ఆహారంలో ఉడికించిందేంటి' అని నన్ను వెక్కిరించినవాళ్లున్నారు. ఉడికిన లివర్ లివరే. పచ్చి మాంసం పెట్టే ఇంట్లో నులిపురుగుల మందు ఎన్నాళ్లకోసారి వేయాలో వెట్‌ను అడగండి. ఆ మందులో ప్రాజిక్వాంటెల్ ఉందో లేదో చూడండి, బద్దెపురుగుల మీద పనిచేసేది అదే.

చేపలు కూడా ఉడికించే పెడతాను. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే థయామినేజ్ ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఏ చేపలో ఉందో గుర్తుపెట్టుకోవడం కన్నా పొయ్యి వెలిగించడం తేలిక.

పచ్చి కోడి గురించి ఒక హెచ్చరిక. 2018లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కల్లో వచ్చే ఒక రకం పక్షవాతానికీ, పచ్చి కోడి మాంసంలో ఉండే క్యాంపిలోబ్యాక్టర్‌కూ సంబంధం ఉందని చూపించారు. అరుదైన జబ్బే. కానీ వెనక కాళ్లు తడబడినా, మొరుగు గొంతు ఉన్నట్టుండి మారిపోయినా రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే తీసుకెళ్లండి. చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ ఉందన్న వార్త వస్తే పచ్చి కోడి, పచ్చి గుడ్డు వెంటనే ఆపేయండి.

పాత తిండి నుంచి మార్చడం

రెండు మూడు వారాలు పెట్టుకోండి. మొదటి వారం ఒక్క రకం మాంసమే. కొవ్వు, చర్మం తీసేసిన బోన్‌లెస్, చిన్న ముక్కలుగా, అలవాటైన తిండిలో పావు వంతు తగ్గించి ఆ మేరకు. కడుపు నిలకడగా ఉంటే నాలుగైదు రోజులకు సగం, తర్వాత ముప్పావు. పచ్చి మాంసం, ప్యాకెట్ ఫుడ్ ఒకే గిన్నెలో కలిస్తే అరగదంటారు, మా ఇంట్లో ఏమీ కాలేదు. మీ కుక్కకు పడకపోతే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టండి.

బోన్‌లెస్ పడ్డాకే ఎముక, ఎముక పడ్డాకే లివర్, ఆ తర్వాతే రెండో రకం మాంసం. అన్నీ ఒకేసారి పెడితే కడుపు చెడినప్పుడు దేనివల్లో తేలదు. ఒక్కోటి పెడితే తప్పు ఎక్కడుందో రెండు రోజుల్లో దొరుకుతుంది. కొవ్వు నెమ్మదిగా పెంచండి, ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు పడితే ప్యాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది. వాంతులవుతూ, ముందుకాళ్లు చాపి వెనక భాగం పైకెత్తి వంగి ఉండిపోతే అది కడుపు నొప్పి. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

వంటగదిలో

ఆదివారం ఒక గంట కేటాయించి వారం సరుకంతా తూచి, ఏ రోజుది ఆ రోజు డబ్బాలో పెట్టి, మీద తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. కరిగించడం ఫ్రిజ్ కింది అరలో, మూత ఉన్న గిన్నెలో, ముందు రోజు రాత్రి. వంటగట్టు మీద పెట్టి కరిగించొద్దు. ముక్క మధ్యలో ఇంకా మంచుగానే ఉంటుంది, పైన మాత్రం క్రిములు పెరుగుతుంటాయి. కరిగింది రెండు రోజుల్లో వాడేయాలి, లేదా పారేయాలి.

కోడి మాంసాన్ని కుళాయి కింద కడగడం చాలామందికి అలవాటు. మానండి. తుంపరలు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన గ్లాసుల మీద దాకా పడతాయి. కత్తి, పలక, గిన్నె విడిగా ఉంచి సబ్బుతో రుద్ది కడిగి, లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూను బ్లీచ్ కలిపి తుడవండి. గిన్నె స్టీలుదే మంచిది, ప్లాస్టిక్ గీతల్లో క్రిములు దాక్కుంటాయి.

పెట్టాక ఇరవై నిమిషాలు. తినకపోతే తీసేయడమే, బతిమాలొద్దు. ఎముక పట్టుకుని సోఫా ఎక్కే కుక్కకు ఒక పాత దుప్పటి ముక్క కేటాయించి, దాని మీదే తినడం నేర్పండి. తిన్నాక మూతి, ముందు పాదాలు తడిగుడ్డతో తుడవండి. ముద్దులు ఆ తర్వాత కూడా వద్దు. మలం చేత్తో తాకకుండా వెంటనే ఎత్తేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

మలం ఏం చెబుతుందో చూడండి

చెప్పుకోవడానికి ఇబ్బందే గానీ, రోజూ చూసి తీరాలి. తెల్లగా, సున్నపు ముక్కలా పొడిపొడిగా రాలిపోతుంటే ఎముక ఎక్కువైంది, మర్నాడు బోన్‌లెస్ పెట్టండి. కుక్క ముక్కుతూ చాలాసేపు కూర్చున్నా అదే కారణం. నల్లగా జారుగా ఉంటే లివర్ ఎక్కువై ఉండొచ్చు. జిగురుగా, పసుపుగా, జిడ్డు మెరుపుతో ఉంటే కొవ్వు. పరిమాణం మునుపటికన్నా తగ్గడం మాత్రం మామూలే, భయపడక్కర్లేదు. నెత్తురు కనబడినా, ఒక రోజంతా ఏమీ తినకుండా వాంతులే అవుతున్నా, కడుపు గట్టిగా ఉబ్బినా ఇక లెక్కలు, కొలతలు పక్కన పెట్టి ఆసుపత్రికి బయల్దేరండి. వెళ్లగానే ఎముక తిన్నదన్న సంగతి చెప్పండి. ఎక్స్‌రే తీయాలా వద్దా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

మూడు నెలలకు మళ్లీ రక్త పరీక్ష చేయించండి, ఆ తర్వాత ఏడాదికోసారి. మాంసం ఎక్కువ తినే కుక్కల్లో యూరియా కాస్త పైకి కనబడొచ్చు. కిడ్నీ పాడైందని మీరు టెన్షన్ పడకుండా, డాక్టరూ పొరబడకుండా ఏం పెడుతున్నారో చీటీ రాసి పట్టుకెళ్లండి. ఒక్క కాల్షియం అంకె చూసి అంతా బాగుందని నిశ్చింతగా ఉండకండి. ఎముకలు కరుగుతున్నా రక్తంలో కాల్షియం చాలాకాలం మామూలుగానే కనబడుతుంది. అనుమానముంటే పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష అడగండి.

ఊరెళ్లాల్సి వచ్చి కుక్కను ఎవరి దగ్గరైనా వదిలే పరిస్థితుల కోసం నెలకు రెండు మూడు పూటలు ప్యాకెట్ ఫుడ్ పెడుతూ అలవాటు పోకుండా చూసుకోండి. మా చిట్టిని చూసుకునే పక్కింటి ఆంటీ కోడి మెడ ముట్టుకోనని మొదటి రోజే చెప్పేశారు. డ్రై ఫుడ్ డబ్బా, కొలత గ్లాసు ఆవిడ చేతికిచ్చి వెళ్తాను. చిట్టి మొదటి పూట అలుగుతుంది, రెండో పూట తింటుంది.